కువైట్‌లో కారం దోశె కొట్టు: బావకు ఏం చెప్పమంటారు?

మాది కడప. మా బావ పదకొండేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరు. మొన్న ఫోన్ చేసి, కువైట్ సిటీలోని మాలియా అనే చోట కారం దోశె కొట్టు పెడతానన్నాడు. శుక్రవారం సెలవుకు అక్కడ చేరే మనోళ్లు ఎర్రకారం, పప్పులపొడి కోసం మొహం వాచిపోయి ఉన్నారట. అక్క పుస్తెలతాడు తాకట్టు పెట్టమంటాడు. అక్కడే నాకు టెన్షన్.

పరాయి దేశంలో ఈ వ్యాపారం పిచ్చి ఎందుకని అడిగితే, 'ఎన్నేళ్లు తోలినా నేను డ్రైవరునే కదరా' అన్నాడు. కాదనలేకపోయాను. తెలిసిన విద్య వంట, కొనేవాళ్లు మన ఊరోళ్లు, మేనేజరు ఉద్యోగం ఎవరూ పిలిచి ఇవ్వరు.

కానీ ఆయనది ఖాదిం వీసా, అంటే ఇంటి పనివాళ్లకిచ్చే ఆర్టికల్ 20 వీసా. దాని మీద బయట పని చేస్తే పట్టుకుని పంపించేస్తారు. మామూలుగా కంపెనీలో 51 శాతం వాటా కువైటీదే ఉండాలి. పూర్తి వాటా విదేశీయులకే ఇచ్చే 2013 నాటి చట్టం ఒకటుంది గానీ, అది పెద్ద పెట్టుబడులకు, దోశె పెనానికి కాదు. బావేమో 'లైసెన్సు కఫీల్ (వీసా ఇచ్చిన కువైటీ యజమాని) పేరు మీద, లెక్కలు నావి, నోటి మాట చాలు' అంటున్నాడు. రేపు కొట్టు బాగా నడిచాక కఫీల్ మాట మారిస్తే?

అక్కడ హోటలో, టైలరు షాపో నడిపిన అన్నలు ఎవరైనా ఉంటే చెప్పండి. వీసా ముందు మార్పించుకున్నారా? కఫీల్‌తో కాగితం ఏమని రాయించుకున్నారు? తాడు ఇంకా అక్క మెడలోనే ఉంది. ఆదివారం లోపు బావకు జవాబు చెప్పాలి.