చిత్రిక పట్టడం అంటే చిత్రించడమా?

ప్రశ్న: ఒక కథల సంపుటికి పరిచయం రాస్తున్నాను. "పల్లె బతుకును చిత్రిక పట్టిన కథలు" అని మొదలుపెట్టాను. సరదాగా చెక్కపని చేసుకునే మిత్రుడొకరు చదివి, "బతుకును చిత్రిక పడితే ఇంకేం మిగులుతుంది?" అని నవ్వారు. పత్రికల్లో ఈ ప్రయోగం చాలాసార్లు చూశాను. ఇందులో తప్పేమిటండీ?

జవాబు: మీ మిత్రుడి నవ్వులో న్యాయముంది. చిత్రిక వడ్రంగి పనిముట్టు. చెక్క మీద నడిపిస్తే పలుచటి పొర లేపుతూ, ఎత్తుపల్లాలు పోయేలా చదును చేస్తుంది. దీన్నే తోపడ అని కూడా అంటారు. తెలంగాణలో రందా అన్న మాటా వినిపిస్తుంది. (ఆ మాటకు మూలం పారశీకం. అక్కడ కూరగాయలు తురుముకునే పరికరానికీ అదే పేరు. భలే కలిపారు!) చిత్రం, చిత్రణ, చిత్రిక మూడూ ఒకేలా వినబడేసరికి, చిత్రిక పట్టడమంటే బొమ్మ కట్టడమని అనుకోవడం మొదలైంది.

సెలవు రోజుల్లో స్టూళ్లూ అరలూ చేసుకునే అలవాటు నాకూ ఉంది కాబట్టి పనివైపు నుంచి కొంచెం చెప్తాను. రంపంతో కోసిన పలక కంటికి చదునుగానే కనిపిస్తుంది. దాని మీద పొడవాటి చిత్రిక పెట్టి తోస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఇనుప చిత్రికల్లో 7వ నంబరుది 22 అంగుళాల పొడవుంటుంది. అంత పొడవు ఎందుకంటే, దాని అడుగు పల్లంలోకి దిగదు, మిట్టల మీదే ఆనుతుంది. బ్లేడుకు ముందు దొరికేవి ఆ మిట్టలే. అందుకే మొదట్లో పొట్టు తునకలు తునకలుగా వస్తుంది. పలక చదునవుతున్న కొద్దీ తునకలు పొడుగవుతాయి. చివరికి ఈ కొస నుంచి ఆ కొసదాకా తెగకుండా ఒకే చుట్టగా లేస్తుంది. అప్పుడిక పలక మీద బద్ద పెట్టి చూడక్కర్లేదు, పొట్టే చెప్తుంది. ఆ తర్వాత 9, 10 అంగుళాల చిన్న చిత్రికతో నునుపు చేస్తారు.

నార సంగతి ఇంకోటి. చెక్క నార ఎటు వాలి ఉందో చూసి అటే తోయాలి. ఎదురు తోస్తే బ్లేడు పొరను కోయడానికి బదులు నారను పైకి లేపి చీలుస్తుంది, గుంటలు పడతాయి. పలకను తిప్పి పెట్టుకుంటే చాలాసార్లు సరిపోతుంది. నార మధ్యలో దిశ మార్చుకునే చెక్కతోనే పేచీ. అలాంటప్పుడు బ్లేడు మీద ఉండే రెండో ఇనుప పలకను అంచుకు బాగా దగ్గరగా బిగించి, పలుచగా లేపుతారు.

ఇదంతా తెలిశాక "రాతప్రతిని చిత్రిక పట్టారు" అన్న వాక్యం చదవండి. ఎంత సరిగ్గా అతుకుతుందో! ఎక్కువైనదాన్ని, అదీ ఎక్కడ ఎక్కువైందో అక్కడే తీశారని అర్థం. గరుకు కాగితంతో చేత్తో రుద్దితే మిట్టా పల్లం రెండూ నునుపెక్కుతాయి గానీ వంకర వంకరగానే ఉంటుంది. కొందరి సంపాదకత్వం అచ్చం ఇలాగే ఉంటుందని నా అభిప్రాయం.

ఇంకొకరు: వాడుకే ప్రమాణం కదండీ? అంతమంది "చిత్రించడం" అనే అర్థంలో రాస్తుంటే అదీ ఒక అర్థమే. నిఘంటువులో చేర్చుకోవాలి గానీ రాసేవాళ్లను తప్పుపట్టడం దేనికి?

జవాబు: చేర్చుకోండి, నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఈ వాక్యం సంగతి చూడండి: "కరువును చిత్రిక పట్టిన ఈ నవలను రచయిత్రి మూడుసార్లు చిత్రిక పట్టారు." మొదటిదానికి చూపడం, రెండోదానికి తగ్గించడం. చూపడానికి మనకు చిత్రించు, వర్ణించు, కళ్లకు కట్టు ఉన్నాయి. రెండో పనికి ఇంత బిగువైన మాట వేరే ఏదుంది? "సానపట్టు" కాదు. సాన పనిముట్టుకు పదునిస్తుంది, చిత్రిక పట్టేది చెక్కను. బుద్ధికి సానపడతాం, వాక్యాన్ని చిత్రిక పడతాం.

మరొకరు: కరెంటు ప్లేనర్‌తో చేసినా చిత్రిక పట్టడమే అనొచ్చా? చేత్తో తోస్తేనే ఆ మాట చెల్లుతుందా?

జవాబు: అనొచ్చు, పని అదే. తేడా పొట్టులో కనిపిస్తుంది. యంత్రంలో గిర్రున తిరిగే కత్తులు కాబట్టి చుట్టలు రావు, చిన్న చిన్న పేళ్లు ఎగురుతాయి. పలక మీద సన్నటి అలల గుర్తులు మిగులుతాయి. అందుకే చాలామంది ఆఖరి నునుపు చేత్తోనే చేస్తారు. ఇక తోయడం కూడా తప్పనిసరేం కాదు, జపాన్‌వాళ్లు తమ చిత్రికను తమవైపు లాగుతారు. అక్కడ పొర పలుచదనానికి పోటీలు పెట్టుకుంటారు. గెలిచేవాళ్ల పొర 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో నూరో వంతు) మందం కూడా ఉండదు.

ప్రశ్న అడిగినవారు: మొదటి వాక్యాన్ని "పల్లె బతుకును చూపిన కథలు" అని మార్చేశాను. ఈ రచయిత ఒక కథను పన్నెండు పేజీల నుంచి ఏడుకు దించారని నాకు తెలుసు. "చిత్రిక పట్టారు" అన్న మాటను ఆ పేరాలోకి జరిపాను.