నిలదొక్కుకున్న మనుషుల నవలకు సరుకు ఎక్కడ వెతకాలె?

దేవరకొండ పాఠకురాలు:
నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి బతికిన ఒక ఇంటి మూడు తరాల కథ రాస్తున్న. పది అధ్యాయాలైనయి. చదివితే ఏడుపన్నా ఉంది, ఉపన్యాసమన్నా ఉంది. తట్టుకొని నిలబడ్డ మనుషులు కనబడుతలేరు. సరుకు ఎక్కడ దొరుకుతది?

మునుగోడు మాస్టరు:
ఒంటి దగ్గర మొదలుపెట్టండమ్మా. పళ్ల మీద గార పడేది పన్ను తయారయ్యే వయసులనే, సుమారు ఎనిమిదేండ్ల లోపు. అందుకే మంచినీళ్ల ఊరి నుంచి వచ్చిన కోడలికి పళ్లు తెల్లగనే ఉంటయి, ఏండ్లు గడిచినంక నడుము మాత్రం అత్తకు లెక్కనే బిగుసుకపోవచ్చు. ఒక్క పొయ్యి కాడ ఆ ఇద్దరిని కూర్చోబెట్టండి, అధ్యాయం అయితది. వెన్ను బిగిసినోళ్లు మెడ తిప్పలేరు, ఒళ్లంతా తిప్పి చూడాలె. గొంతుక్కూర్చోలేరు. మరి పొయ్యి ఊదేది, పత్తి ఏరేది ఎట్ల? పొయ్యిని గద్దె మీదికి ఎక్కిచ్చిన్రా, చీపురుకు కట్టె కట్టిన్రా? మీరు వెతికే మనుషులు ఆ ఉపాయాలల్లనే ఉన్నరు.
రెండు తప్పులు చేయకండి. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతది. నల్లా రాంగనే ముసలాయన నిటారుగ నిలబడడు. ఆ మేలు మనవలది.

తేట నీళ్లు:
నల్గొండ పేరుతోనే ఒక పద్ధతి ఉంది, నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు తయారు చేసింది. బకెట్ నీళ్లల్ల పటిక, ఆ పటికల ఇరవయ్యో వంతు సున్నం, చిటికెడు బ్లీచింగ్. పది నిమిషాలు కలిపి, గంట తేరనిచ్చి, పైతేట వంచుకోవాలె. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. చిక్కేందంటే ఒక బోరు కొలత ఇంకో బోరుకు పనికిరాదు. పటిక తక్కువైతే విషం మిగులుతది, ఎక్కువైతే నీళ్లు వగరెక్కుతయి. మడ్డి రోజూ పారబోయాలె. ఇంట్ల ఎవరు ఎన్నాళ్లు చేసిన్రు, ఏ రోజు విసిగి మానేసిన్రు? ఆ రోజు తప్పక రాయండి.

పాలమూరు బిడ్డ:
అక్కా, మీ మొదటి తరం మగోళ్లు ఎటు పోయిన్రు? నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన 1955 డిసెంబరు 10న. రాతి కట్ట, ఎక్కువగ మనుషుల చేతుల మీదనే లేచింది. ఇంటింటికి నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌ల 2015ల. నడుమ అరవై ఏండ్లు, సరిగ్గ మీ మూడు తరాలు. కట్టకు రాళ్లు మోసినోడు ఇంటికొచ్చి బోరు నీళ్లు తాగిండు. కూలోళ్లను గుంపుగ పనికి తోలుకపోయే గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు, కోతలు, మిగిలిన బాకీ ఒక పేజీల లెక్క కట్టుకోండి. కథ ఆ లెక్క మీద నడుస్తది.
ఊళ్లకు పోతే ‘ఎంత కష్టపడ్డరు?’ అని అడగకండి, ఏడుపే వస్తది. ‘బిందె ఎక్కడ దించేటోళ్లు? ఎవరి వంతు?’ అని అడగండి.

దేవరకొండ పాఠకురాలు:
కోడలిది మిర్యాలగూడ, సాగర్ కాల్వ కింది ఊరు. గార పళ్లని రాసిన. మార్చాలె.

మునుగోడు మాస్టరు:
ఆగండి. ఆ పిల్ల పుట్టింట్ల తాగింది కాల్వ నీళ్లా, బోరు నీళ్లా? ముందు అది తేల్చుకొని పళ్ల రంగు రాయండి.