మూడు చీటీలు, మూడు ధరలు. లెక్క చేస్తే 0 = 0 వస్తోంది!

చీటీల చిన్నోడు:
అక్క సారెకి బావ పిండివంటలు తెచ్చాడు. చీటీల మీద కిలోలు, మొత్తం తప్ప విడి ధరల్లేవు. జంతికల డబ్బులు తనే ఇస్తానని బాబాయి పట్టుబట్టాడు, అందుకే ఈ తంటా. కిలో సున్నుండలు స, అరిసెలు అ, జంతికలు జ అనుకున్నా.

2స + అ + 3జ = 2900
స + 2అ + జ = 2000
3స + 3అ + 4జ = 4900

రెండో చీటీ నుంచి స విలువ తీసి మిగతా రెండింట్లో పెడితే, రెండు చోట్లా జ = 3అ − 1100 అనే వచ్చింది. ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే 0 = 0. పదో తరగతిలో లెక్కల్లో 90 దాటినవాణ్ణి, పరువు పోయేలా ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

సుద్దముక్క:
తప్పేం లేదు తమ్ముడూ. మొదటి రెండు చీటీలు కూడి చూడు, మూడోది వస్తుంది. డబ్బు కట్టిన రోజు ఇచ్చిన మొత్తం చీటీ అయ్యుంటుంది అది. మన పుస్తకాల్లో పరస్పరాధారిత సమీకరణాలు అంటామే, అదే ఇది. నీ దగ్గరున్నవి నిజానికి రెండే. అరిసెలు 500 అనుకుంటే జంతికలు 400, సున్నుండలు 600. అరిసెలు 450 అంటే 250, 850. రెండూ మూడు చీటీలకీ సరిపోతాయి, వేసి చూసుకో.

ఇంటర్ ఎంపీసీ:
క్రామర్ పద్ధతిలో చేసినా నిర్ధారకం (స, అ, జల ముందున్న అంకెల నుంచి లెక్కగట్టే సంఖ్య, దానితోనే భాగించాలి) సున్నా వచ్చి ఆగిపోతుందండీ. అయితే సాధనలు అనంతం అన్నా ధరలు రుణాత్మకం కావు కదా. స = 3100 − 5అ కాబట్టి అరిసెలు 620 లోపు, జంతికల వల్ల 366 పైన ఉండాలి.

సుద్దముక్క:
ఇంకోటి. మూడో చీటీ మీద 5000 ఉంటే 0 = 100 వచ్చేది, అప్పుడు ఏ ధరలూ కుదరవు. 0 = 0 వచ్చిందంటే కొట్టతను కూడిక సరిగ్గానే వేశాడు. కొట్టుకి ఫోన్ చేసి ఒక్క ధర అడుగు, చాలు.

చీటీల చిన్నోడు:
చేశా. అరిసెలు 500 అన్నాడు. అంటే జంతికలు 400, రెండు విడతలూ కలిపి 4 కిలోలు, 1600. బాబాయికి లెక్కంతా కాగితం మీద చూపించా. చదవకుండానే 1500 చేతిలో పెట్టి, "రౌండ్ ఫిగర్ ఉంచు" అన్నాడు.