మెటాలికా పాట ‘ఇనమొరాటా’లోని బేస్ గిటార్ ఎలా నేర్చుకోవాలి?

మాది కాజీపేట. 2011లో అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా కచేరీకి బెంగళూరు వచ్చినప్పుడు వెళ్లలేకపోయాను, ఆ వెలితి ఇప్పటికీ ఉంది. 2023లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ ‘72 సీజన్స్’ మొదట్లో నాకు సాగదీసినట్టు అనిపించింది. పన్నెండు పాటలు, డెబ్బై ఏడు నిమిషాలు! కానీ పదకొండు నిమిషాలు దాటే చివరి పాట ‘ఇనమొరాటా’ నన్ను కట్టిపడేసింది. మధ్యలో హోరంతా తగ్గి బ్యాండ్‌లో బేస్ వాయించే రాబర్ట్ ట్రుహియో బేస్ గిటార్ (మంద్ర స్వరాలు పలికే గిటార్) నింపాదిగా నడుస్తుంది. అక్కడ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ భాగం నేర్చుకోవాలని పాత బేస్ గిటార్ కొన్నాను. లావు తీగ నొక్కితే బరబరమంటోంది, వేళ్లు బొబ్బలెక్కాయి. లోపం తీగదా, నా చేతిదా? హనుమకొండ, వరంగల్‌లలో బేస్ నేర్పేవారు, గిటార్ బాగుచేసేవారు ఎవరైనా ఉన్నారా? దయచేసి చెప్పండి.