“నీ ఏకైక రక్షణ…” ఈ మాట మొదటి వాజ్గెన్‌దేనా?

ఆకురాయి: ఒక వాక్యం వారంగా బుర్ర తినేస్తోంది. “ఓ ఆర్మేనియా జాతీ, నీ ఏకైక రక్షణ నీ సమష్టి శక్తిలోనే ఉంది.” సోవియట్ రోజుల్లో ఎచ్మియాడ్జిన్ పీఠంలో ఉన్న ఆర్మేనియా చర్చి అధిపతి, కాథలికోస్ మొదటి వాజ్గెన్ ప్రసంగంలోదని గుర్తు. ‘రక్షణ’ అనే ఉందా, ‘విముక్తి’ అనా?

పద్యప్రియ: ప్రసంగం కాదండీ, కవిత. ఆర్మేనియా కవి యెఘిషె చరెంత్స్ 1933లో రాసిన ‘సందేశం’. ప్రతి పాదంలో రెండో అక్షరం ఏరుకుంటూ పోతే ఈ వాక్యం వస్తుంది. రెండో అక్షరం! అంటే మన ప్రాసస్థానమే.

కాకినాడ మాష్టారు: స్థానం ఒకటైతే ప్రాస అయిపోతుందా? ప్రాసలో అన్ని పాదాలకీ ఒకే హల్లు నిలవాలి. అక్కడ పాదపాదానికీ అక్షరం మారితేనే వాక్యం పుడుతుంది. ప్రాసకు పూర్తిగా ఎదురు.

పద్యప్రియ: పోనీ గర్భకవిత్వం అనండి.

కాకినాడ మాష్టారు: గర్భంలో ఉండాల్సింది ఇంకో పద్యం, వచనం కాదు. నన్నెచోడుడి బంధకవిత్వం ఓసారి తిరగేయండి, తర్వాత మాట్లాడుకుందాం.

ఆకురాయి: నా ప్రశ్న ‘రక్షణ’ గురించి.

సోవియట్ పుస్తకాల పెట్టె: మూలంలో ‘ఫ్ర్కుత్యున్’. చర్చి మాటే. రక్షకుణ్ణి ‘ఫ్ర్కిచ్’ అంటారు. కాబట్టి ‘రక్షణ’ సరైనదే, “రక్షణ పొందావా?” అని మన పాస్టర్లు అడిగే అర్థంలో. నాకు గుచ్చుకునేది ‘సమష్టి’. అది వినగానే మాస్కో అచ్చు తెలుగు పుస్తకాల్లోని సమష్టి వ్యవసాయ క్షేత్రం కళ్లముందుకొస్తుంది. ‘హవకకన్’కి ‘సంఘటిత’ నయం.

కాకినాడ మాష్టారు: ఆ వాసన ఉండాలి మరి! కమ్యూనిస్టుల మాటనే ముసుగుగా వేసుకున్నాడు కవి. ‘సంఘటిత’ అంటే కార్మిక సంఘం నోటీసులా ఉంటుంది.

బోస్టన్ బాబాయి: వాక్యం చరెంత్స్‌దే. కానీ వాజ్గెన్‌కి ఎందుకు అంటుకుందో ఊహించొచ్చు. చరెంత్స్ 1937 నవంబరులో జైల్లో పోయాడు. కాథలికోస్ మొదటి ఖోరెన్ 1938 ఏప్రిల్‌లో పోయాడు, రహస్య పోలీసులే చంపారని ఎక్కువమంది నమ్మకం. 1945లో ఆరవ గెవోర్గ్ ఎన్నికయ్యేదాకా పీఠం ఖాళీ. అంతకుముందే గెవోర్గ్ యుద్ధంలో ఎర్రసైన్యానికి ట్యాంకుల దళం కోసం చందాలు పోగుచేశాడు. ఆయన తర్వాత 1955లో వాజ్గెన్. పుట్టింది బుకారెస్టులో, 1908లో. ప్రవాసులు ఎలా ఆలోచిస్తారో తెలిసిన మనిషి. వాళ్ల డబ్బుతోనే ఎచ్మియాడ్జిన్ కట్టడాలు బాగుచేయించాడు. 1994 దాకా పీఠంలో ఉన్నాడు. సమష్టి శక్తి అంటే ఇదే కదా!

సోవియట్ పుస్తకాల పెట్టె: విదేశాలకు వెళ్లి సోవియట్ ఆర్మేనియాను పొగిడిందీ ఆయనే బాబాయ్. 1988 ఫిబ్రవరిలో రాజధాని యెరెవాన్ వీధులు నిరసన జనంతో నిండితే, టీవీలో కనిపించి శాంతించమన్నాడు. చరెంత్స్ దాచి చెబితే ఈయన దాచుకుని బతికాడు.

బోస్టన్ బాబాయి: ఎదురు తిరిగితే ఖోరెన్ గతే. 1965లో ఎచ్మియాడ్జిన్ ఆవరణలోనే 1915 నాటి ఆర్మేనియన్ల మారణకాండ మృతులకు స్మారకం నిలిపాడు, అది తక్కువ పనా?

జార్జిటౌన్ చిన్నోడు: మధ్యలో దూరుతున్నా. ప్రపంచంలో మొదటి ఆర్మేనియన్ పత్రిక ‘అజ్దారార్’ అచ్చయింది మన మద్రాసులో, 1794లో. ఆర్మేనియన్ వీధిలో చర్చి ఇప్పటికీ ఉంది.

పద్యప్రియ: అజ్దారార్‌లో ‘జ’ మనం పలికే జ కాదు, దంత్యం. ‘వాజ్గెన్’ కూడా అంతే. పాత లిపిలోని ౙ వాడితే పోదూ?

కాకినాడ మాష్టారు: ౙ స్పర్శ కలిసిన ధ్వని, ‘డ్జ’కి దగ్గర. వాళ్లది ఒట్టి ఊష్మం, ‘స’లా గాలి రాపిడితో పలికేది. దానికి తెలుగులో అక్షరం లేదు.

పద్యప్రియ: శ్రీకాకుళంలో మా బామ్మ పలికేది, మాష్టారూ.

ఆకురాయి: రక్షణ ఉంచమంటారా, విముక్తి పెట్టమంటారా? రేపు అచ్చుకి ఇవ్వాలి.

కాకినాడ మాష్టారు: ముందు ‘ఓ జాతీ’ మార్చండి. జాతిని ఏకవచనంలో పిలిస్తే ‘నీ’ కుదురుతుంది, ‘ప్రజలారా’ అంటే ‘మీ’ కావాలి. అది తేలితేగానీ మిగతాది తేలదు.