తోరా, పెళ్లి పందిరి, సత్కార్యాలు: ఈ వరుస ఎందుకు?

యూదులు మగబిడ్డకు ఎనిమిదో రోజున సున్నతి చేసి పేరు పెడతారు. అప్పుడు చుట్టూ నిలబడ్డవారు అనే దీవెన, యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్‌లోని షబ్బాత్ భాగంలో (137బి) ఉంది: "నిబంధనలో ప్రవేశించినట్లే తోరాలోనూ, హుప్పాలోనూ, సత్కార్యాలలోనూ ప్రవేశించుగాక." నిబంధన అంటే దేవుడితో యూదులకున్న ఒప్పందం, సున్నతి దానికి గుర్తు. తోరా అంటే వారి ధర్మశాస్త్రం, దాని చదువు. హుప్పా అంటే పెళ్లి పందిరి. మన పెద్దల నోట ముందు నూరేళ్ల ఆయుష్షు వస్తుంది. ఇక్కడ ఆయుష్షూ లేదు, ఐశ్వర్యమూ లేదు. అది సరే, చదువూ పెళ్లీ అయ్యాకగానీ మంచి పనుల ఊసు రాదేమి? అంతవరకు పిల్లవాడు ఏం చేసినా చెల్లుతుందనా?

జవాబు: దాదాపు అంతేనండీ! పిర్కే అవోత్ అనే యూదుల నీతివాక్యాల గ్రంథంలో ఐదో అధ్యాయం ఐదేళ్లకు లేఖనం, పదమూడుకు ఆజ్ఞలు, పద్దెనిమిదికి హుప్పా అని వయసులు చెబుతుంది. దైవ న్యాయస్థానం శిక్షించేది ఇరవై నిండాకే అని రబ్బీల (యూదు మతగురువుల) మాట. అంటే పూర్తి లెక్కలోకి వచ్చేది పెళ్లి తరువాతే. ఈ వివరణ పాతదే కానీ నాకు ప్లీడరు వాదనలా తోస్తుంది. సొంత గడప ఏర్పడితేనే కదా వచ్చినవాడికి అన్నం పెట్టగలిగేది! నేనైతే ఆ వరుసను అలా చదువుకుంటాను.

మరో జవాబు: పందిరి సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. తాల్ముద్‌లోనే గిట్టిన్ భాగంలో (57ఎ) బేతార్ అనే ప్రాచీన యూదు నగరపు ఆచారం ఉంది. మగబిడ్డ పుడితే దేవదారు మొక్క, ఆడపిల్ల పుడితే మరో జాతి మొక్క నాటేవారు. వాళ్ల పెళ్లినాడు ఆ చెట్లే కొట్టి పందిరి వేసేవారు. కాబట్టి పుట్టిన బిడ్డకు హుప్పా దీవెన మరీ తొందరపాటేమీ కాదు.

మొదటి ప్రశ్న వేసినవారు: బాగుందండీ. మరి ఆడపిల్లకు ఏమంటారు?

జవాబు: సినగోగులో (యూదుల ప్రార్థనా మందిరంలో) తోరా పఠనం జరిగేటప్పుడు పేరు పెట్టి ఇదే దీవెన చెబుతారు. కొన్ని సమాజాల్లో మాత్రం "తోరా" తీసేసి మిగతా రెండే అంటారు. నాకది మింగుడుపడదు. సెఫార్దీలు (స్పెయిన్, పోర్చుగల్ మూలాల యూదులు) "జెవెద్ హబాత్" అనే వేడుకలో బైబిలులోని పరమగీతం 2:14, బండ సందుల్లోని పావురాన్ని పిలిచే వచనం, చదువుతారు. అన్నట్టు, "నిబంధన" బైబిలు తెలుగులో స్థిరపడిన మాటే. అయితే నేటి పాఠకుడికి అది షరతులా వినిపిస్తుంది. "ఒడంబడిక" అంటే నయం.