పాత వార్తా బులెటిన్ల యూమాటిక్ టేపులు: వేడిచేశాక కూడా ప్లేయర్‌లో టేపును చదివే హెడ్లు మూసుకుపోతున్నాయి, ఏం చేయాలి?

ఒక స్థానిక టీవీ స్టేషన్ 1980ల నాటి బులెటిన్లను ముప్పావు అంగుళం యూమాటిక్ టేపుల (పాత వీడియో క్యాసెట్ల) నుంచి డిజిటల్‌లోకి మార్చడంలో సాయం కావాలి. బైండర్ (టేపు మీద అయస్కాంత పొడిని పట్టి ఉంచే పూత) తేమ పీల్చి జిగురెక్కిన టేపులను 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర 8 గంటలు వేడిచేసి, పూర్తిగా చల్లారాకే ప్లే చేస్తున్నాం. అయినా కొన్ని పది నిమిషాలకే కీచుమంటూ ఆగిపోతున్నాయి. హెడ్ల మీద గోధుమరంగు పొడి పేరుకుని బొమ్మ చెదురుతోంది. మళ్లీ వేడిచేయవచ్చా, లేక మొదటిసారే గంటలు పెంచాల్సిందా? వీటికి వేరే నకలు లేదు, ప్రయోగాలు చేయలేం.

ఇంకొకటి: టైమ్ బేస్ కరెక్టర్‌కు (బొమ్మ వణుకును సరిచేసే పరికరానికి) డబ్ అవుట్‌పుట్ (వెలుగు, రంగు సంకేతాలు విడివిడిగా) ఇస్తే రంగులు నిజంగా మెరుగవుతాయా, కాంపోజిట్ (రెండూ కలిసిన సంకేతం) సరిపోతుందా? దాచేది నాణ్యత తగ్గని 10 బిట్ ఎఫ్ఎఫ్‌వి1 వీడియో ఫార్మాట్‌లో.

డబ్బా మీది తేదీ, లోపలి స్లేట్ (రికార్డింగ్ మొదట్లో కనిపించే వివరాల పలక) తేదీ వేర్వేరుగా ఉంటే జాబితాలో ఏది రాయాలి?